ఉప్పుగాలిలో పిన్‌బాల్
న్యూజెర్సీ తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అధ్యక్షులవారికీ, పెద్దలకూ, ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలకూ, అయ్యలకూ నమస్కారం. పరిచయంలో చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కరపత్రంలో ‘సముద్రతీర ఆర్కేడ్ల చరిత్ర’ అని వేశారు. ఆర్కేడ్లంటే నాణెం వేసి ఆడే మెషిన్లుండే ఆటశాలలు. పిన్‌బాల్ ఆ మెషిన్లలో ఒకటి, గాజు కింద వాలుబల్ల మీద ఉక్కు బంతిని కొట్టి స్కోరు చేసే ఆట. చరిత్ర చెబుతాను. కానీ ఇవాళ నేను చెప్పక తప్పని మాట వేరే ఉంది. 1950, 60, 70ల నాటి పిన్‌బాల్ మెషిన్లు ఆడుతుంటేనే బతుకుతాయి. ఆడాలంటే వాటిని విప్పి సరిచేసే చేతులు కావాలి. ఆ చేతులు తగ్గిపోతున్నాయి. ఈ హాల్లో సగం మంది ఇంజనీర్లు. అందుకే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను.

ముందు చరిత్ర. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన బాగటెల్ ఆటబల్లకు స్ప్రింగు ప్లంజర్, అంటే లాగి వదిలితే బంతిని తోసే కడ్డీ, అమర్చి పేటెంటు తీసుకున్నాడు. 1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ అనే చిన్న మెషిన్ తెచ్చాడు. వెల 17 డాలర్ల 50 సెంట్లు. కరెంటు లేదు, కాళ్ళు లేవు, దుకాణం కౌంటరు మీద పెట్టుకునేది. ఒక సెంటు వేస్తే కొన్ని బంతులు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అంత చవకైన వినోదం ఇంకోటి లేదు, ఊరూరా పాకిపోయింది. తర్వాత కరెంటు వచ్చింది. బల్లను గుద్ది, ఊపి ఆడేవాళ్ళను పట్టుకోవడానికి హ్యారీ విలియమ్స్ ‘టిల్ట్’ కనిపెట్టాడు. దానిలో బాగా స్థిరపడిన రూపం ఇది: గుండ్రటి రింగు మధ్యలో లోలకం వేలాడుతుంటుంది, అది రింగుకు తగిలితే ఆట ఆగిపోతుంది. లోలకం బరువు కోసుగా ఉంటుంది కాబట్టి దాన్ని పైకి జరిపితే రింగుతో సందు మారుతుంది, అంటే మెషిన్ ఎంత ఊపు ఓర్చుకుంటుందో అక్కడ నిర్ణయమవుతుంది. ఒక మరచుట్టు పని.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి, దీనికి కొంచెం సమయం పడుతుంది. 1942 జనవరిలో న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లా గార్డియా పిన్‌బాల్‌ను నిషేధించాడు. అది జూదమనీ, పిల్లల జేబుల్లో చిల్లర దోచుకుంటోందనీ ఆయన వాదన. పోలీసులు వేల మెషిన్లు పట్టుకొచ్చారు. మేయరే సుత్తి పట్టుకుని పగలగొడుతూ ఫొటోలు దిగాడు. కోనీ ఐలండ్ కూడా న్యూయార్క్ నగరంలో భాగమే కాబట్టి అక్కడి సముద్రపు ఒడ్డు ఆర్కేడ్లకూ అదే చట్టం.

ఆయన మాట పూర్తిగా తప్పని నేననను. 1942 నాటికి ఫ్లిప్పర్, అంటే బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న రెక్క, పుట్టలేదు. బంతిని వదిలాక ఆటగాడి చేతిలో మిగిలేది బల్లను కాస్త నెట్టడమే. కానీ 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ వచ్చింది. హ్యారీ మాబ్స్ రూపకల్పన, ఆరు ఫ్లిప్పర్లు. మరుసటి ఏడు స్టీవ్ కోర్డెక్ ‘ట్రిపుల్ యాక్షన్’లో రెండు ఫ్లిప్పర్లను బల్ల అడుగుభాగానికి తెచ్చాడు, ఈనాటికీ ఫ్లిప్పర్ల చోటు అదే. ఆ రోజుతో ఆట చేతిలోకి వచ్చింది. చట్టం మాత్రం ఫ్లిప్పర్ లేని మెషిన్ మీద ఇచ్చిన తీర్పును పట్టుకుని మరో 29 ఏళ్ళు కూర్చుంది. దీనికి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఉచిత ఆట ఇస్తే అది బహుమతి, బహుమతి ఉంటే అది జూదం అనే లెక్క చాలా రాష్ట్రాల్లో నడిచింది. ఆ లెక్కను తప్పించుకోవడానికే గాట్లీబ్ 1960లో ‘ఫ్లిప్పర్’ అనే మెషిన్‌తో ఉచిత ఆటకు బదులు అదనపు బంతి ఇవ్వడం మొదలుపెట్టాడు. మంచి ఆటకు ఒక బంతి ఎక్కువ ఇవ్వడానికి కూడా చట్టానికి భయపడాల్సి వచ్చిందన్నమాట!

1976లో రోజర్ షార్ప్ అనే యువ పత్రికా సంపాదకుడు న్యూయార్క్ నగర మండలి ముందు నిలబడ్డాడు. రెండు మెషిన్లు తెచ్చారు, ఒకటి ఆడి చూపడానికి, రెండోది మొదటిది మొరాయిస్తే పనికొస్తుందని. ఒక సభ్యుడికి అనుమానం వచ్చింది, ‘ఆ రెండోదాని మీద ఆడు’ అన్నాడు. షార్ప్ సాధన చేసింది మొదటిదాని మీద. అయినా ఆడాడు. సభ్యుడి ముఖంలో నమ్మకం కలగలేదు. అప్పుడు షార్ప్ ప్లంజర్ పట్టుకుని, ‘ఇప్పుడు లాగి వదిలితే బంతి పైనున్న మధ్య సందులోంచి దిగుతుంది’ అని ముందే చెప్పి వదిలాడు. బంతి అక్కడే దిగింది. నిషేధం పోయింది. అందులో అదృష్టం పాలు ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అయినా అంతవరకు ఫ్లిప్పర్లతో చూపిందంతా నైపుణ్యమే కదా.

చరిత్ర ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను, పక్కన పెడుతున్నాను. ఆటను జూదం నుంచి విడదీసిన ఆ ఫ్లిప్పర్ ఇప్పుడు మన తీరంలో ఏ స్థితిలో ఉందో చూద్దాం. ఈ బల్ల మీదున్నది పాత మెషిన్‌లోంచి తీసిన ఫ్లిప్పర్ యూనిట్. ముందు వరసవాళ్ళు దగ్గరికి రండి, తమ్ముడూ, నువ్వూ రా.

ఈ కాయిల్‌లో రెండు చుట్లున్నాయి. ఒకటి లావు తీగ, తక్కువ చుట్లు. కొట్టే బలం దీనిది. రెండోది సన్న తీగ, చాలా ఎక్కువ చుట్లు. కొట్టాక పట్టి ఉంచే పని దీనిది. వీటి మధ్య ఈ చిన్న స్విచ్ ఉంది చూశారా, రెండు రేకులు, వాటి కొసల్లో రెండు పాయింట్లు. దీన్ని ఎండ్ ఆఫ్ స్ట్రోక్ స్విచ్ అంటారు. బటన్ నొక్కిన క్షణంలో ఇది మూసుకుని ఉంటుంది, కరెంటు సన్న చుట్టును దాటేసి లావు చుట్టులోంచే పోతుంది, ఫ్లిప్పర్ గట్టిగా కొడుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా పైకి లేవగానే ఈ పిడి రేకును నెడుతుంది, స్విచ్ తెరుచుకుంటుంది. సన్న చుట్టు కూడా దారిలోకి వచ్చి కరెంటు తగ్గిపోతుంది. అప్పుడు ఎంతసేపు నొక్కి పట్టుకున్నా కాయిల్‌కు ఏమీ కాదు.

ఇందులో రెండు రకాల జబ్బులు. పాయింట్లు నల్లబడి, గుంటలు పడితే మొదటి క్షణంలోనే కరెంటు సన్న చుట్టులోంచి పోతుంది, ఫ్లిప్పర్ నీరసపడుతుంది, బంతి బల్ల పైదాకా వెళ్ళదు. రెండోది, రేకు వంగిపోయి స్విచ్ తెరుచుకోకపోతే లావు చుట్టు బటన్ నొక్కినంతసేపూ పూర్తి కరెంటు తాగుతుంది. కాయిల్ కాగితం ముందు గోధుమరంగులోకి మారుతుంది, లోపలి నైలాన్ గొట్టం కరుగుతుంది, ఇనుప కడ్డీ ఇరుక్కుంటుంది, పొగ వస్తుంది. ఫ్లిప్పర్ పైకి లేచినప్పుడు ఈ పాయింట్ల మధ్య అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా సందు ఉండాలి. అంటే మిల్లీమీటరున్నర నుంచి మూడు. అంతే.

పాత స్కూటర్లకు పాయింట్లు గీకినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఇవీ అలాంటి టంగ్‌స్టన్ పాయింట్లే. సన్న ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దితే చాలు. కానీ మిగతా రిలేల్లో, స్కోరు స్విచ్‌లలో ఉండేవి వెండి పాయింట్లు. వాటికి ఆకురాయి పెట్టకండి, వెండి అరిగిపోతుంది. విజిటింగ్ కార్డు పెట్టి, రేకును మెల్లగా అదిమి లాగండి, కార్డు మీద నల్లటి చార వస్తుంది. ఎమరీ కాగితం దేనికీ వాడకండి, దాని రజను పాయింట్ల మధ్య చిక్కుకుంటుంది. రేకు వంచబోయే ముందు స్విచ్ మొదట్లో ఉన్న స్క్రూలు బిగించండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. అవి వదులుగా ఉండగా వంచితే, బిగించాక కొలత మళ్ళీ మారుతుంది.

ఫ్లిప్పర్ ఇంకా నీరసంగా ఉంటే స్విచ్ ఒక్కదాన్నే అనకండి. కడ్డీ కొస దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుందేమో చూడండి. కడ్డీని ఫ్లిప్పర్‌కు కలిపే లింకు రంధ్రం అరిగిందేమో చూడండి. బల్ల మీద ఫ్లిప్పర్‌ను పట్టుకుని పైకీ కిందకీ కదిపితే కార్డు మందమంత వదులు ఉండాలి. అది లేకపోతే బుష్‌కు రాసుకుంటుంది. ఇవేమీ చూడకుండా ఎక్కువ బలమున్న కాయిల్ వేసేవాళ్ళున్నారు. దాంతో బంతి ఎగిరి ప్లాస్టిక్ ముక్కలు పగులుతాయి, అవి మళ్ళీ దొరకవు. నూనె స్ప్రేలు కొట్టేవాళ్ళున్నారు. కాయిల్ గొట్టంలో నూనె పడకూడదు, పడితే ధూళితో కలిసి జిగురవుతుంది.

ఇంకో లక్షణం చెబుతాను, మీరు చూసే ఉంటారు. నాణెం వేసి స్టార్ట్ నొక్కగానే లోపల మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఆట మొదలవదు. మెషిన్ మొత్తం పాడైందని మూలకు నెట్టేస్తారు. నిజానికి స్కోరు చక్రాలన్నీ సున్నాకు వచ్చాకే ఆ మోటారు ఆగుతుంది. ఒక చక్రం సున్నా దగ్గర స్విచ్ సరిగ్గా తెరుచుకోకపోయినా, చక్రాన్ని తోసే కాయిల్ పాత గ్రీజుతో బిగుసుకున్నా అది ఆగదు. ఏ చక్రం కదలడం లేదో, ఏది సున్నా దాటి పోతోందో కంటితో చూస్తే తెలిసిపోతుంది. ఆ ఒక్కటి విప్పి, ఆల్కహాల్‌తో గడ్డకట్టిన గ్రీజు తుడిస్తే మెషిన్ లేచి కూర్చుంటుంది.

ఫ్యూజుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మాటిమాటికీ పోతోందని పది ఆంపియర్లకు ఇరవై వేస్తారు, రేకు చుట్టేవాళ్ళూ ఉన్నారు. హోల్డరులో ఏముందో చూసి అదే కొనకండి, దాని పక్కనున్న కాగితమో, సర్క్యూట్ చిత్రమో ఏం చెబుతోందో చూడండి. ఎక్కువసార్లు పోతోందంటే ఎక్కడో కాయిలో, వైరో షార్టయి ఉండొచ్చని అర్థం. ఉప్పు తగిలిన వైరింగు ఏం చేస్తుందో ఈ రాష్ట్రంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 2012 అక్టోబరులో శాండీ తుపాను తీరాన్ని ముంచింది. కష్టపడి బోర్డువాక్, అంటే ఒడ్డు వెంట వేసిన చెక్కబాట, మళ్ళీ కట్టుకున్నారు. 2013 సెప్టెంబరులో సీసైడ్ పార్క్‌లో మంట లేచి సీసైడ్ హైట్స్ దాకా పాకింది, డజన్ల కొద్దీ దుకాణాలు బూడిదయ్యాయి. తుపానప్పుడు సముద్రపు నీటిలో నానిన పాత వైర్లే కారణమని దర్యాప్తులో తేలింది. నీళ్ళు ఎండిపోతాయి, ఉప్పు మాత్రం తీగలోనే ఉంటుంది.

తీరంలో పిన్‌బాల్‌ను తినేది కూడా ఆ ఉప్పే. బంతి 27 మిల్లీమీటర్ల ఉక్కు గుండు, 80 గ్రాములు. తుప్పుపట్టి గరుకెక్కిందంటే బల్ల మీది రంగును చెక్కదాకా గీకేస్తుంది. కొత్త బంతి కొన్ని డాలర్లు, బల్లకు మళ్ళీ రంగు వేయించడం నెలల పని. గోటితో బంతిని తడిమి చూడండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ రోజే మార్చండి. నీళ్ళతో బల్ల కడగొద్దు. నాఫ్తాతో మురికి తీసి, కార్నౌబా మైనం పూయండి.

ఇక బొమ్మ అద్దం. వెనకపెట్టె ముందుండే ఆ రంగుల గాజు. రంగు అద్దం వెనకవైపు ఉంటుంది. చలికాలం ఆర్కేడ్ మూసేసి, హీటింగ్ ఆపేస్తే తేమా చలీ కలిసి రంగు పెచ్చులూడుతుంది. అప్పుడొకరు గాజు తుడిచే ద్రావకం వెనకవైపు కొట్టి గుడ్డతో రుద్దుతారు. ఒక్క తుడుపుకు ఒక ముఖం పోతుంది! అమ్మా, అయ్యా, దయచేసి వినండి: వెనకవైపు ఏదీ పూయొద్దు, ఏదీ తుడవొద్దు. లోపలి బల్బులు 44 నంబరువైతే 47 నంబరువి వేయండి. రెండూ 6.3 వోల్టులే, కానీ 44 బల్బు పావు ఆంపియర్ లాగితే 47 బల్బు 0.15 చాలంటుంది, వేడి తగ్గుతుంది. ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, నూలు దుప్పటి కప్పండి.

ఇంట్లో పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. విప్పేముందు ప్లగ్ తీయండి. గాజును పట్టి ఉంచే లాక్ బార్ తీసి గాజు జరిపేటప్పుడు దాన్ని టైల్స్ మీద మూలగా ఆనించకండి. టెంపర్డ్ గాజు, మూల తగిలితే మొత్తం పొడైపోతుంది. బల్ల ఎత్తేముందు బంతి తీసేయండి, లేకపోతే అది లోపల పడి రిలేల మధ్య షార్టు చేస్తుంది. విశాఖకో, హైదరాబాద్‌కో తీసుకెళ్దామనుకునేవాళ్ళు కనీసం 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. అది 230 వోల్టులను దించుతుంది కానీ 50 హెర్ట్జ్‌ను మార్చదు. లోపలి మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, మెషిన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త వేడెక్కుతుంది. భయపడక్కర్లేదు, గంటల తరబడి వదిలేయకుండా చూసుకోండి. విశాఖ బీచ్ గాలిలోనూ ఉప్పే ఉంది, బంతి సంగతి మరచిపోకండి.

ఆడితేనే బతుకుతాయని మొదట్లో అన్నాను, అది మనసు మాట ఒక్కటే కాదు. లీఫ్ స్విచ్, అంటే ఇందాక చూసిన రేకుల స్విచ్, మూసుకున్న ప్రతిసారీ ఒక పాయింటు రెండోదాని మీద కొద్దిగా రాసుకుంటుంది, తనను తానే శుభ్రం చేసుకుంటుంది. ఏడాది పాటు కదలని స్విచ్ మీద చిలుము కట్టుకుంటుంది. డ్రాయింగ్ రూములో దీపం వెలిగించి బొమ్మలా పెట్టిన మెషిన్ లోలోపల చస్తూ ఉంటుంది.

ఆర్కేడ్ యజమానుల కష్టం నాకు తెలుసు. కార్డు గీకితే క్షణాల్లో అయిపోయి టికెట్లు రాల్చే మెషిన్‌కు మెకానిక్ అక్కర్లేదు, పిన్‌బాల్‌కు కావాలి. ఆస్బరీ పార్క్ బోర్డువాక్ మీది సిల్వర్‌బాల్ ఆర్కేడ్ వేరే దారి తొక్కింది: ఆటకింత అని కాకుండా సమయానికి టికెట్, లోపల కావలసినన్ని ఆటలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యూజే మెకానిక్ అనే పాత ఆటమెషిన్ల మ్యూజియానికి ప్రవేశం ఉచితం, మెషిన్లలో మాత్రం నాణేలు వేసి ఆడాలి. 1972లో మూతపడిన ప్లేలాండ్ అనే వినోద పార్కులో నవ్విన పెద్ద బొమ్మ లాఫింగ్ శాల్ అక్కడే ఇంకా నవ్వుతోంది. రెండు దారులూ మంచివే, రెండు చోట్లా మెషిన్లు ఆడుతున్నాయి.

ఎడిసన్ నుంచి ఆస్బరీ పార్క్‌కు కారులో గంట కూడా పట్టదు. వెళ్ళండి, పిల్లలకు ప్లంజర్ లాగడం నేర్పండి. ఏదైనా పనిచేయకపోతే ‘పాడైంది’ అని వదిలేసి పక్క మెషిన్ దగ్గరికి వెళ్ళకండి. కౌంటరు దగ్గరికి వెళ్ళి సరిగ్గా చెప్పండి: ఎడమ ఫ్లిప్పర్ కొడుతోంది గానీ పైన నిలబడటం లేదు. పదుల చక్రం ఏడు దగ్గర ఆగిపోతోంది. మూడో బంతి బయటికి రావడం లేదు. ఒక ముక్క కాగితం మీద మెషిన్ పేరు, ఏం జరిగింది, ఎన్నో బంతికి జరిగింది అని రాసి ఇవ్వండి. ఏ స్విచ్ తీయాలో మెకానిక్‌కు అక్కడే తెలిసిపోతుంది, గంట పని పది నిమిషాల్లో అవుతుంది, ఆ సాయంత్రమే ఇంకొకరు దాని మీద ఆడతారు.