పూత వేయించాలా, కొత్తది పెట్టించాలా?

శ్రోతలకు నమస్కారం.

స్నానాల గదిలో వాష్‌బేసిన్ పసుపు తిరిగినా, టబ్బు అడుగు గరుకెక్కినా, కమోడ్ అంచున సన్నని గీత కనిపించినా ఇంట్లో మొదట వినిపించే మాట "ఇక మార్చేద్దాం" అన్నదే. ఆ మాటకు తలూపే ముందు, చెడింది పైమెరుగా లేక వస్తువు ఒళ్లా అన్నది తేల్చుకోమని నా మనవి. మెరుగు పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. ఒళ్లు చెడితే ఎన్ని పూతలు పూసినా నిలవవు.

వాష్‌బేసిన్‌ను కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గీత ఉన్న చోట గోటిని అడ్డంగా నెమ్మదిగా నడపండి. గోరు ఎక్కడా తగలకుండా జారిపోతే అది చాలావరకు మరకో, మెరుగులో పడిన వెంట్రుకవాసి చారో అయి ఉంటుంది. గోరు దిగబడి ఆగితే మాత్రం పగులు లోపలిదాకా పోయిందేమోనని అనుమానించి, బేసిన్ అడుగున చెయ్యి పెట్టి చెమ్మ తగులుతుందేమో చూడాలి.

మా ఇంటి వాష్‌బేసిన్‌లో కుళాయి ధార పడే చోట ఒక గోధుమరంగు చార చాలాకాలం ఉండేది. కొత్త బేసిన్ కోసం కొలతలు కూడా తీసుకున్న తరువాత, ఒక సాయంత్రం వెనిగర్‌లో తడిపిన గుడ్డను దాని మీద పరిచి కాసేపు వదిలాను. గుడ్డ తీసి చెక్క గరిటె అంచుతో నెమ్మదిగా గీకితే ఆ చార పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది. అది ఏళ్ల తరబడి పేరుకున్న నీటి ఉప్పు. దాని కింద పింగాణీ చెక్కుచెదరకుండా ఉంది. ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి: వెనిగర్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపకండి, వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాంతకం.

అసలు చిక్కు టబ్బు దగ్గరే వస్తుంది. ముందు అది దేనితో చేసిందో తెలియాలి. అయస్కాంతం అతుక్కుంటే ఇనుమో ఉక్కో, అతుక్కోకపోతే చాలావరకు యాక్రిలిక్ లేదా ఫైబర్‌గ్లాస్. ఇనుప టబ్బు మీద ఉండే ఎనామిల్ నిజానికి గాజు, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో లోహానికి కరిగి అంటుకున్న గాజు. మళ్లీ పూత వేయడమంటే ఆ గాజును తిరిగి కాల్చడం కాదు. పాత ఉపరితలాన్ని శుభ్రం చేసి, గరుకు చేసి, గుంటలు పూడ్చి, దాని మీద పిచికారీతో గట్టి రంగు కొట్టడం. అందుకే అది అసలు ఎనామిల్ అంత కాలం మన్నదు. ఓపికగా, శుభ్రంగా చేసిన పని 10 ఏళ్లవరకు నిలవవచ్చు. సబ్బు జిడ్డు మీదనే హడావిడిగా కొట్టిన రంగు ఒకటి రెండేళ్లలోనే నీళ్లు పోయే రంధ్రం చుట్టూ పొరలుగా లేస్తుంది.

అయినా బరువైన పాత ఇనుప టబ్బు ఒళ్లు గట్టిగా ఉంటే నేను పూతవైపే మొగ్గుతాను. దాన్ని పెకలిస్తే చుట్టూ టైల్స్ పగులుతాయి, గోడ అంచున నీరు దిగకుండా చేసిన ఏర్పాటు దెబ్బతింటుంది, ఒక్క టబ్బుతో మొదలైన పని గది అంతటికీ పాకుతుంది. తుప్పు లోపలినుంచి తొలిచి రంధ్రం పడినా, యాక్రిలిక్ అడుగు కాలు పెట్టగానే కుంగుతున్నా, పక్కన నేల మెత్తబడినా పూత మాట మరిచిపోవాలి.

పని చేయించేటప్పుడు గాలి విషయంలో ఏమాత్రం రాజీ పడకండి. పాత రంగు తీయడానికి వాడే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి గాలికన్నా బరువైనది, అది టబ్బులోనే కుదురుకుంటుంది. దానిపైకి వంగి పనిచేసే మనిషి దాన్నే పీలుస్తాడు. అమెరికాలో 2000 నుంచి 2011 వరకు ఈ పనిలోనే 13 మంది ఇలా చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2012లో ప్రకటించింది. ఏ రసాయనం వాడుతున్నారో, గాలిని బయటికి తోడే ఫ్యాన్ ఉందో లేదో ముందే అడగండి. పిల్లలను, ఊపిరి ఇబ్బంది ఉన్నవారిని ఆ రోజు ఇంట్లో ఉంచకండి. పూత వేసినవారు చెప్పిన గడువు పూర్తిగా గడిచేదాకా టబ్బులో చుక్క నీరు పడనివ్వకండి. ఆ తరువాత కూడా గరుకు పొడులతో తోమకూడదు, అడుగున పీల్చి పట్టుకునే రబ్బరు చాపలు వేయకూడదు. పూతను ఊడబెరికేవి ముఖ్యంగా ఈ చాపలే.

కుళాయిల సంగతి తేలిక. ఇత్తడి ఒళ్లు బాగుంటే, కారుతున్నదానికి వాషరో కార్ట్రిడ్జో మారిస్తే సరిపోతుంది.

కమోడ్‌కు మాత్రం పూత వద్దనే నా అభిప్రాయం. తోమే బ్రష్షుకు, యాసిడ్‌కు ఆ రంగు తట్టుకోలేదు. నీరు ఆగకుండా కారుతోందని మాత్రం దాన్ని మార్చకండి. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఆహార రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగి చూడండి. ఆ రంగు కింద గిన్నెలోకి దిగితే, చెడింది ట్యాంకు అడుగునున్న రబ్బరు మూత. గిన్నెలో పగులు ఉంటే, లేదా ఒక్క ఫ్లష్‌కు 13 లీటర్లు తాగే పాతకాలపుదైతే, 6 లీటర్లతో పనిచేసే కొత్తది పెట్టడమే మేలు. కొనబోయే ముందు టేపు తీసుకుని, గోడ నుంచి నేలలోని గొట్టం నడిమికి ఎంత దూరమో కొలిచి రాసుకోండి. కొత్త కమోడ్ ఆ కొలతకు సరిపోకపోతే నేల తవ్వక తప్పదు.