ప్లగ్ పెట్టకుండానే తిరిగే టైమర్: పాత వాషింగ్ మెషిన్ ప్యానెల్ లోపల ఏముంది?

[టేబుల్ మీద పాత టైమర్, బాగా దగ్గరగా]

ఈ శబ్దం వినండి. టిక్ టిక్ టిక్... ఎర్రగడ్డ సండే మార్కెట్లో తుక్కు కుప్పలోంచి ఏరుకొచ్చా దీన్ని, సెమీ ఆటోమేటిక్ మెషిన్ టైమర్. వైరు దేనికీ తగిలించలేదు, అయినా తిరుగుతోంది చూడండి. మూడు నిమిషాల దగ్గర పెట్టి పక్కన ఉంచుతున్నా, ఈలోపు మనం మాట్లాడుకుందాం.

లోపల ఉన్నది గడియారం లాంటి స్ప్రింగే, నాబ్ తిప్పడమంటే కీ ఇవ్వడమే. వాష్‌కి 15 నిమిషాలు, స్పిన్‌కి 5, నీళ్లు వదలడానికి ఇంకో నాబ్, ప్యానెలంతా అంతే. మధ్యలో కరెంటు పోతే స్ప్రింగుకి ఆ సంగతి తెలీదు కదా, అది తిరుగుతూనే ఉంటుంది, బట్టలేమో ఊరికే నానుతుంటాయి, కరెంటొచ్చేసరికి నాబ్ సున్నా దగ్గర! ఎండాకాలం కోతల్లో మా అమ్మ దీన్ని ఎన్నిసార్లు తిట్టుకుందో.

ఫుల్ ఆటోమేటిక్ సంగతి వేరు. 1937లో అమెరికాలో బెండిక్స్ మెషిన్ వచ్చాక, కొన్ని దశాబ్దాల పాటు మెదడంతా ఒక్క నాబ్ వెనకే ఉండేది.

[ఇంకో టైమర్ మూత తీసి]

ఇదిగో, ఒకే ఇరుసు మీద వరసగా ప్లాస్టిక్ చక్రాలు, అంచుల్లో ఎత్తుపల్లాలు, వాటికి ఆనుకుని రాగి రేకులు. ఎత్తు తగిలితే రేకులు కలుస్తాయి, నీళ్ల వాల్వో మోటారో ఆన్ అవుతుంది. పల్లం వస్తే ఆఫ్. వీటిని తిప్పే బుల్లి మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, కాబట్టి 60 హెర్ట్జ్‌కి చేసిన అమెరికా టైమర్‌ని ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపినా, మన 50 హెర్ట్జ్‌లో 10 నిమిషాల వాష్ 12 నిమిషాలవుతుంది. కరెంటు పోతే చక్రం ఎక్కడిదక్కడ ఆగి, వచ్చాక అక్కణ్ణుంచే మొదలెడుతుంది. నాబ్ చూస్తే చాలు, బట్టలు ఏ దశలో ఉన్నాయో తెలిసిపోతుంది. వెనక్కి మాత్రం తిప్పకండి, రేకులు వంగిపోతాయి.

తర్వాత సోకులు మొదలయ్యాయి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ ఐదు బటన్లు పెట్టింది, నీళ్ల వేడికీ వేగాలకీ. కొన్ని ప్యానెళ్లయితే క్రోమ్, లైట్లతో అచ్చం కారు డాష్‌బోర్డే. నాకు భలే నచ్చింది మాత్రం 1960ల నాటి హూవర్ కీమాటిక్. గాట్లున్న ప్లాస్టిక్ బిళ్లని సందులో దోపితే, ఏ అంచు లోపలికెళ్లిందో దాన్నిబట్టి ప్రోగ్రామ్!

ఆ తర్వాత చిప్పులు. ప్యానెల్ చదునైపోయింది. తొలి ఎలక్ట్రానిక్ మెషిన్లు కొన్ని కరెంటు పోగానే అంతా మర్చిపోయేవి, అందుకే మెమరీ బ్యాకప్ అని డబ్బా మీద పెద్దక్షరాలతో వేసుకోవాల్సొచ్చింది. చక్రానికి పుట్టుకతోనే ఉన్న విద్య అది! ఇప్పుడు ఫ్రంట్ లోడ్ మెషిన్లకి మళ్లీ గుండ్రటి నాబ్ పెడుతున్నారు గానీ, చాలావాటిలో అది ప్రోగ్రామ్ ఎంచుకోడానికే, వాష్ నడుస్తున్నంతసేపూ కదలదు.

[టిక్ టిక్ ఆగుతుంది]

అదిగో, ఆగింది. నా ఫోన్లో మూడు నిమిషాల ఇరవై సెకన్లయింది. తుక్కులోంచి వచ్చిన స్ప్రింగుకి ఆ మాత్రం చాల్లెండి.