తూటాల లెక్క కాదు, బ్యారెల్ సంగతి చెప్పండి

వ్యాఖ్యాత: మెషిన్ గన్ అనగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. జర్మనీ ఎం.జి.42 నిమిషానికి దాదాపు 1,200 తూటాలు పేల్చేదట. కర్నల్ గారూ, అంత వేగం అవసరమా?

విశ్రాంత కర్నల్: వినేవాడికి ముచ్చటే, మోసేవాడికే కష్టం. సెకనుకు 20 తూటాలంటే 250 తూటాల బెల్టు 13 సెకన్లలో ఖాళీ. తర్వాతి బెల్టు ఎవరి వీపు మీద వస్తుంది? (నవ్వు) అయినా అసలు శత్రువు వేడి. ఆగకుండా పేలిస్తే బ్యారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, వేడెక్కిపోతుంది.

ఆయుధ చరిత్ర పరిశోధకురాలు: 1884 నాటి మాక్సిమ్ గన్‌కు బ్యారెల్ చుట్టూ నీళ్ళు ఉండేవి. చల్లగానే ఉండేది కానీ, కదిలించాలంటే ఒక జట్టు కావాలి. జర్మన్లు ఎం.జి.42కు ముందొచ్చిన ఎం.జి.34తో వేరే దారి పట్టారు. వేడెక్కిన బ్యారెల్‌ను పీకేసి చల్లటిది తొడిగేయడమే! గన్ ఒకటే. రెండు కాళ్ళ మీద నిలిపితే దాడికి, ముక్కాలి మీదికెక్కిస్తే కాపలాకు. జనరల్ పర్పస్, అంటే అన్ని పనులకూ పనికొచ్చేది అన్న పేరు అందుకే.

వ్యాఖ్యాత: ఎం.జి.42ను చేసింది లాంతర్ల కంపెనీ అంటారు, నిజమేనా మేడమ్?

పరిశోధకురాలు: నిజమే. గ్రోస్‌ఫుస్ వాళ్ళది రేకు లాంతర్ల వ్యాపారం. అంతకుముందు తుపాకీ చేసిన అనుభవం లేదు. ఎం.జి.34 భాగాలను ఉక్కు దిమ్మల నుంచి చెక్కేవారు, వీళ్ళేమో రేకును అచ్చులో నొక్కి తీశారు. ఖర్చూ తగ్గింది, సమయమూ తగ్గింది.

కర్నల్: ఎం.జి.42 బెల్టు నడిచే పద్ధతిని తర్వాత అమెరికన్లు తమ మెషిన్ గన్ ఎం60లోకి తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళు బ్యారెల్ దగ్గర తప్పటడుగు వేశారు. మొదటి ఎం60లో రెండు కాళ్ళ స్టాండు బ్యారెల్‌కే ఉంటుంది. బ్యారెల్ తీస్తే కాళ్ళూ దాంతోనే ఊడొస్తాయి. మిగిలిన గన్‌ను ఎవరైనా చేత్తో పట్టుకోవాలి, లేదా మట్టిలో పెట్టాలి. పైగా బ్యారెల్‌కు పిడి లేదు, ఆస్బెస్టాస్ చేతొడుగు వేసుకుని తీయాలి. చీకట్లో ఆ చేతొడుగు కోసం తడుముకుంటూ ఉంటే...

వ్యాఖ్యాత: ఎదుటివాడు ఆగుతాడా!

కర్నల్: అదే కదా. బెల్జియం వాళ్ళ ఎఫ్.ఎన్. మాగ్‌లో మోసే పిడి బ్యారెల్‌కే ఉంటుంది. గొళ్ళెం నొక్కి, పిడి తిప్పి, ముందుకు లాగితే చాలు. చేయి కాలదు, కాళ్ళు గన్‌తోనే ఉంటాయి. చివరికి అమెరికా సైన్యం కూడా ఎం60ని పక్కనపెట్టి, ఈ మాగ్‌నే ఎం240 పేరుతో తీసుకుంది.

పరిశోధకురాలు: 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనైతే బ్రిటిష్ వాళ్ళ చేతిలోనూ ఇదే, అర్జెంటీనా వాళ్ళ చేతిలోనూ ఇదే.

వ్యాఖ్యాత: మన సైన్యంలో?

కర్నల్: మనదీ ఆ వంశమే, కాన్పూరులో తయారవుతుంది. 11 కిలోల పైమాటే. బరువు గురించి మాత్రం నన్ను కదిలించకండి. నా కుడి భుజం ఇప్పటికీ ఎడమ భుజం కంటే ఒక వేలెడు కిందికే ఉంటుంది.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) నేను ఇందాకే గమనించాను సార్, అడగడానికే మొహమాటపడ్డాను. చిన్న విరామం.