మడమ కింద ఇటుక
(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ‘సృజనాత్మక ఆలోచనలో వైయక్తిక భేదాలు, వాటిని కొలిచే తీరు’ అన్న అంశం మీద మాట్లాడమన్నారు. నిర్వచనాలు మీ పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. నేను ఒక జవాబు పత్రం గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక పల్లెటూరి బడిలో ఏడో తరగతి పిల్లలకు చిన్న పరీక్ష పెట్టాను. ‘ఇటుకతో ఏమేం చేయవచ్చు? తోచినవన్నీ రాయండి’ అన్నది ప్రశ్న. ఒక అమ్మాయి ఇలా రాసింది. గోడ కట్టవచ్చు. మూడు పేర్చి పొయ్యి చేయవచ్చు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టవచ్చు. క్రికెట్‌లో వికెట్లుగా నిలబెట్టవచ్చు. అయిదో జవాబు ఇది: ‘బాగా వేడి చేసి, పైన జిల్లేడు ఆకులు పరిచి, మడమ నొప్పికి కాపడం పెట్టవచ్చు.’

ఆ అయిదో జవాబు దగ్గర నా కలం ఆగిపోయింది. దానికి ఎన్ని మార్కులు వేయాలి?

ఈ ఇటుక ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. 1950లో గిల్ఫర్డ్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ప్రసంగిస్తూ ఒక లెక్క చెప్పారు. అంతకు ముందరి 23 ఏళ్లలో మనస్తత్వ శాస్త్ర పరిశోధనల సూచికకెక్కిన సుమారు 1,21,000 శీర్షికల్లో సృజనాత్మకతకు నేరుగా సంబంధించినవి 186 మాత్రమే. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి అన్నారాయన. సృజన ఏ కొద్దిమంది మేధావుల సొత్తో కాదు, అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది, తేడా మోతాదులోనే అని. మోతాదు అన్నాక కొలత వచ్చి తీరుతుంది. ఒకే సరైన జవాబు కోసం వెతికే ఆలోచన వేరు, అనేక జవాబుల వైపు పాయలుగా సాగే ఆలోచన వేరు అని ఆయన విడదీశారు. ఇటుక, కాగితం క్లిప్పు లాంటి మామూలు వస్తువులకు కొత్త ఉపయోగాలు అడిగే పరీక్షలు ఆ దారిలోనే వచ్చాయి. 1966లో సృజనను కొలిచే టారెన్స్ పరీక్షలు వెలువడ్డాయి. మన దేశంలో బాకర్ మెహదీ, పాసీ తయారు చేసిన పరీక్షలు మీలో కొందరు ప్రాక్టికల్స్‌లో చూసే ఉంటారు.

ఆ అమ్మాయి కాగితాన్నే ఈ పద్ధతిలో దిద్దుదాం. జవాబులు అయిదు, కాబట్టి ధారాళత అయిదు. కట్టుబడి, వంట, బరువు, ఆట, వైద్యం అని అయిదు తరగతులు కనిపిస్తున్నాయి, కాబట్టి నమ్యత, అంటే ఆలోచన ఎన్ని దారులు మారిందన్న లెక్క, కూడా అయిదే. జిల్లేడు ఆకులు పరచడం లాంటి వివరం విస్తరణ కిందికి వస్తుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు, లెక్కపెట్టడమే. మిగిలింది మౌలికత, అంటే జవాబు ఎంత కొత్తదన్నది. ఎక్కువమంది రాసిన జవాబుకు సున్నా, అరుదుగా వచ్చిన జవాబుకు మార్కు. అయితే ఎవరి మధ్య అరుదు? వేరే దేశంలో తయారైన పట్టిక ముందు పెట్టుకుంటే జిల్లేడాకుల కాపడానికి నిండు మార్కులు పడతాయి. ఆ ఊళ్లోనో, ప్రతి రెండో ఇంట్లో నానమ్మ చేసే పనే అది. జవాబు మారలేదు, పిల్ల మారలేదు, పక్కన కూర్చోబెట్టిన గుంపు మారితే మార్కు మారిపోయింది. వైయక్తిక భేదం అని మనం రాసుకున్న అంకెలో ఊరి భేదం ఎంత కలిసిందో చూడకుండా పిల్లలకు వరస నంబర్లు ఇవ్వడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇంకో చిక్కు ఇంతకంటే లోతైనది. ఆ అమ్మాయి కాపడం సంగతిని ఊహించిందా, గుర్తు తెచ్చుకుందా? 2007లో మనస్తత్వవేత్త గిల్‌హూలీ బృందం ఇలాంటి పరీక్ష రాసేవాళ్లను ఆలోచనలు పైకి చెబుతూ జవాబివ్వమంది. మొదట వచ్చే జవాబులు ఎక్కువగా జ్ఞాపకంలోంచి వస్తున్నాయి. ఆ నిల్వ తగ్గాకే వస్తువు గుణాలను తరచి చూడటం, దాన్ని మనసులో విడగొట్టి చూడటం లాంటివి జోరందుకుంటున్నాయి. సమయం గడిచేకొద్దీ అరుదైన జవాబులు పెరుగుతాయని 1957లోనే గిల్ఫర్డ్, ఆయన సహచరులు చూపించారు. మరి మనమేమో గంట కొట్టి కాగితాలు లాక్కుంటున్నాం!

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మనస్తత్వవేత్తలు వాలక్, కోగన్‌లది. 1965లో వాళ్లు 151 మంది అయిదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని, గడియారం లేకుండా, ఆటలాగా ఇవే తరహా ప్రశ్నలు అడిగారు. అలా వచ్చిన సృజన స్కోర్లు ఒకదానితో ఒకటి బాగా పొసిగాయి, ప్రజ్ఞ స్కోర్లతో మాత్రం సంబంధం చాలా తక్కువగా కనిపించింది. పరీక్ష వాసన తగ్గించగానే, మార్కుల జాబితాలో కనిపించని పిల్లలు బయటపడ్డారన్నమాట.

వేరే దారులూ ఉన్నాయి. మనస్తత్వవేత్త అమాబిలే 1982లో వివరించిన పద్ధతిలో, పిల్లలు చేసిన బొమ్మనో రాసిన పద్యాన్నో ఆ రంగం తెలిసినవాళ్లు ఎవరికి వారు విడిగా అంచనా వేస్తారు. ఆ అంచనాలు కలిస్తే కొలత నిలిచినట్లు. సమస్యాపూరణం వినగానే సభలో పద్యం తెలిసినవాళ్లంతా ఒకేసారి ‘భళా’ అనడం మనకు తెలిసిందే కదా, దాన్ని శాస్త్రంగా పట్టుకునే ప్రయత్నం ఇది. 2021లో వచ్చిన మరో పరీక్షలో ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండే పది నామవాచకాలు రాయమంటారు, మాటల మధ్య దూరాన్ని కంప్యూటర్ లెక్కిస్తుంది. దిద్దే శ్రమ తప్పుతుంది, నిజమే. కానీ ఇంగ్లిషు రాతలు మాత్రమే చదివిన యంత్రానికి ఇటుక ఒక కొసన, జిల్లేడు మరో కొసన కనిపించవచ్చు. మన నానమ్మల వంటింట్లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

వారం తర్వాత మళ్లీ ఆ బడికి వెళ్లాను. వేపచెట్టు కింద ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి ఒక ఇటుక ఇచ్చి, ‘ఇంకేం చేయవచ్చు?’ అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిప్పి తిప్పి చూసింది, గోటితో గీకింది. తర్వాత మెల్లగా అంది: ‘తడిపి, దాని మీద పెరుగు గిన్నె పెడితే చల్లగా ఉంటుందేమో టీచర్.’

‘ఎక్కడ చూశావమ్మా?’

‘ఎక్కడా చూడలేదు. మా ఇల్లు కట్టేటప్పుడు గోడకు నీళ్లు కొడుతుంటే సుర్రుమని పీల్చేసుకునేది. కుండ కూడా మట్టే కదా. మరి ఇది కూడా...’

ఆ వేరే దేశపు పట్టికలో ఈ జవాబుకు, కాపడం జవాబుకు పడే మార్కు ఒకటే, రెండూ అరుదైనవే కాబట్టి. కానీ ఒకటి ఆమెకు ఇంట్లో అందింది. రెండోది తడి గోడను, మట్టి కుండను కలిపి ఆ చెట్టు కింద ఆమె అల్లినది. ‘ఎక్కడ చూశావు?’ అని అడిగితేనే ఆ తేడా తెలిసింది. అందుకే అప్పటి నుంచి నా స్కోరు పత్రంలో ప్రతి జవాబు పక్కనా ‘ఎక్కడిది?’ అని ఒక గడి గీసుకుంటున్నాను. దిద్దడానికి మూడింతల సమయం పడుతోంది. అయినా ఆ గడి లేకుండా ఇప్పుడు దిద్దలేను.

మీ ముందు తలా ఒక తెల్లకాగితం పెట్టించాను. వస్తువు చీపురు. తోచినన్ని ఉపయోగాలు రాయండి. ప్రతి జవాబు పక్కనా అది మీకు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క మాట రాయండి. గంట కొట్టను, రాయడం అయినవాళ్లు అయినప్పుడు ఇవ్వండి.