ముందు వీల్, తర్వాతే హోల్డర్: ఇంట్లో చేసుకునే నర్లింగ్ టూల్ గురించి

అందరికీ నమస్కారం.

నర్లింగ్ అంటే చేతి పట్టు జారకుండా లోహపు నాబ్‌ల మీద, పళ్ళున్న గట్టి వీల్స్‌తో నొక్కి గీతల అచ్చు వెయ్యడం. ఇంట్లో చిన్న లేత్ ఉన్నవాళ్ళకి ఏదో ఒక రోజు నర్లింగ్ టూల్ సొంతంగా చేసుకోవాలనిపిస్తుంది. రెండు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పట్టీలు, ఒక బోల్టు, రెండు పిన్నులు, రెండు వీల్స్. డ్రాయింగ్ చూస్తే ఒక ఆదివారం పనే. అందుకే చాలామంది ముందు పట్టీలు కోసి, స్లాట్లు తీసి, 6 మి.మీ. రంధ్రాలు వేసేసి, ఆ తర్వాత వీల్స్ కోసం వెతుకుతారు. పని అక్కడే ఆగిపోతుంది. దొరికిన వీల్ రంధ్రం 6.35 ఉంటుంది, లేదా మందం స్లాట్‌లో పట్టదు. వీల్ గట్టిపరిచిన ఉక్కు, మామూలు డ్రిల్లుకి లొంగదు. పట్టీలతో చేసే హోల్డర్ మెత్తని ఇనుము, ఎలా కావాలంటే అలా కోసుకోవచ్చు. కాబట్టి ముందు వీల్ చేతికి రావాలి, దాన్ని కొలవాలి, ఆ తర్వాతే పట్టీ మీద గీత గియ్యాలి.

ముందు ఎలాంటి టూల్ చెయ్యాలో చూద్దాం, వీల్ సైజు దాన్ని బట్టే ఉంటుంది. జాబ్‌ని, అంటే లేత్‌లో తిరిగే ముక్కని, ఒక పక్క నుంచి నెట్టే టూల్ చిన్న లేత్‌కి వద్దు. ఆ ఒత్తిడంతా జాబ్‌ని తిప్పే స్పిండిల్ బేరింగ్‌ల మీద, టూల్‌ని జాబ్ వైపు జరిపే క్రాస్ స్లైడ్ స్క్రూ మీద పడుతుంది. సన్నని జాబ్ అయితే వంగుతుంది కూడా. పైన ఒక వీల్, కింద ఒక వీల్ పెట్టి జాబ్‌ని పట్టకారులా నొక్కే రకం చెయ్యండి. అందులో పై ఒత్తిడిని కింది ఒత్తిడి అక్కడికక్కడే ఆపేస్తుంది. వీల్ ఎంత వెడల్పుంటే అంత ఎక్కువ బలంతో నొక్కాలి. అందువల్ల చిన్న లేత్‌కి సన్న వీలే మేలు.

దుకాణంలో అడగాల్సినవి బయటి వ్యాసం, మందం, రంధ్రం, పిచ్, గీతల వాలు. జర్మన్ డిన్ 403 ప్రమాణం ప్రకారం చేసిన వీల్స్‌లో 20×8×6 బాగా వాడుకలో ఉన్న సైజు. అంటే 20 వ్యాసం, 8 మందం, 6 రంధ్రం. చిన్న లేత్‌కి 15×4×4 ఇంకా తేలిగ్గా నడుస్తుంది. అమెరికా లెక్కలో చేసినవి ఎక్కువగా ముప్పావు అంగుళం వ్యాసం, అంటే 19.05 మి.మీ. వాటి రంధ్రం పావు అంగుళం, 6.35. ఆన్‌లైన్‌లో కొందరు దీన్నే ‘6 మి.మీ. రంధ్రం’ అని రాసి అమ్ముతారు. 6 పిన్ను మీద 6.35 వీల్ వేస్తే అది ఒరిగి తిరుగుతుంది, అచ్చు చెదిరిపోతుంది. వెర్నియర్ పెట్టి చూడందే ఎవరి మాటా నమ్మకండి.

పిచ్ అంటే పక్కపక్క పళ్ళ మధ్య దూరం. మెట్రిక్‌లో 0.5, 0.6, 0.8, 1.0, 1.2, 1.6 ఇలా వస్తాయి. అంగుళం లెక్కలో, ఒక్కో అంగుళానికి ముతక 14, మధ్యస్థం 21, సన్నం 33 పళ్ళు. 21 అంటే దాదాపు 1.2 మి.మీ. పన్నెండు నుంచి నలభై మి.మీ. దాకా ఉండే నాబ్‌లకి 1.0 పిచ్ చాలు. అంతకన్నా సన్నని స్క్రూ తలలకి 0.6 గానీ 0.8 గానీ తీసుకోండి. 1.6 జోలికి పోకండి, దాన్ని పూర్తి లోతుకి దింపే సత్తువ బల్ల మీది లేత్‌కి ఉండదు.

ఇక వాలు. వజ్రం ఆకారపు అచ్చు రావాలంటే ఒక వీల్ గీతలు ఎడమకి, రెండోదానివి కుడికి 30 డిగ్రీలు వాలి ఉండాలి. డిన్ ప్రకారం వాటి గుర్తులు బీఎల్, బీఆర్. ‘జత’ అని చెప్పి రెండూ ఒకే వాలువి ఇచ్చేయడం తరచూ జరిగే పొరపాటు. ఒకదాన్ని తిప్పి పెడితే సరిపోతుందని అనుకోకండి. కుడి మర ఉన్న బోల్టుని తలకిందులుగా పట్టుకున్నా అది కుడి మరే, వీల్ కూడా అంతే. ఒకే వాలు వీల్స్ రెండు పెడితే జాబ్ మీద ఏటవాలు గీతలే పడతాయి, వజ్రాలు రావు.

దీన్ని దుకాణంలోనే తేల్చుకోవచ్చు. జేబులో ఒక సబ్బు ముక్క పెట్టుకుని వెళ్ళండి. నూనె తుడిచిన వీల్‌ని సబ్బు మీద ఒక అంగుళం దొర్లించండి, పక్కనే రెండోదాన్ని దొర్లించండి. రెండు అచ్చులూ ఎదురెదురుగా వాలాలి. ఏ పన్ను అయినా విరిగి ఉంటే అచ్చులో గీత మధ్యలో తెగి కనిపిస్తుంది. తర్వాత వీల్‌ని వెలుతురుకి పట్టి పళ్ళ కొనలు చూడండి. కొన సన్నగా ఉంటే వెలుగు నిలవదు. అరిగిపోయి ఉంటే తెల్లని సన్న పట్టీలా మెరుస్తుంది. పక్క అంచులకి చిన్న ఏటవాలు కోత ఉందా లేదా చూడండి. అది లేని వీల్‌ని జాబ్ పొడవునా నడిపిస్తే అంచు పళ్ళు రాలిపోతాయి. చివరగా, పక్క ముఖం మీద ఆకురాయితో ఒక్కసారి గీయండి. ఆకురాయి జారిపోవాలి. పట్టుకుని పొడి రాలిందంటే ఆ వీల్ గట్టిపడలేదు, స్టీలు మీద రెండు జాబ్‌లు కూడా నడవదు. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) వీల్స్ దొరికితే అవే తీసుకోండి.

విడి వీల్స్ దొరకనప్పుడు ఒక దారి ఉంది. ముతక, మధ్యస్థం, సన్నం మూడు జతలు ఒకే తలలో ఉండి తిరిగే ఆరు వీల్స్ నర్లింగ్ టూల్ వస్తుంది. చాలాసార్లు మూడు జతలు విడిగా కొనడం కన్నా టూల్ మొత్తం కొని పిన్నులు కొట్టి వీల్స్ తీసుకోవడమే చవక. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు టూల్స్ షాపుల్లో విడి వీల్ అడిగి లేదనిపించుకున్నాక, ఈ టూల్ ఉందా అని కూడా అడిగి చూడండి. ఓహెచ్ఎన్ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే) ఉక్కుతో వీల్ సొంతంగా చేసుకోవడం నేరు గీతలదైతే సాధ్యమే: పళ్ళు కోసి, 800 డిగ్రీల దగ్గర కాచి, నూనెలో ముంచి, పెళుసుదనం తగ్గేలా 200 దగ్గర మళ్ళీ కాచి టెంపర్ చెయ్యాలి. ఏటవాలు పళ్ళు సమానంగా కోయాలంటే మాత్రం వేరే సరంజామా కావాలి, కొనుక్కోవడమే నయం.

పిన్ను దగ్గర అందరూ తొందరపడతారు. 6 మి.మీ. డోవెల్ పిన్ను (భాగాల్ని సరైన చోట నిలిపే నున్నని ఉక్కు పిన్ను) తెస్తే బాగా గట్టిగా, నున్నగా ఉంటుంది. కానీ డోవెల్ పిన్నులు సాధారణంగా ఎం6 టాలరెన్స్‌లో (కొలతలో ఒప్పుకునే తేడా; ఎం6 బోల్టు మర కాదు) వస్తాయి, అంటే 6.004 నుంచి 6.012 దాకా. మంచి వీల్ రంధ్రం టాలరెన్స్ హెచ్7, అంటే 6.000 నుంచి 6.012. రెండూ కలిస్తే వీల్ బిగిసి కూర్చుంటుంది. తిరగని వీల్ జాబ్‌ని గీరుతుంది, వేడెక్కుతుంది, పళ్ళు పోతాయి. పిన్నుని లేత్‌లో కోలెట్‌తో (చుట్టూ సమానంగా బిగించే పట్టుతో) పట్టి, వీల్ ఉండే భాగాన్ని మాత్రం నూనె రాసిన ఎమరీ గుడ్డతో 5.98కి దించండి. ఎమరీని చుట్టి వేళ్ళతో పట్టుకోకండి, రెండు కొసలూ విడిగా పట్టుకోండి. ఇంకో దారి బేరింగ్ షాపులో దొరికే 6 మి.మీ. నీడిల్ రోలర్, అంటే బేరింగ్‌లో వాడే సన్నని ఉక్కు కడ్డీ. గట్టిగా ఉంటుంది, కొలత 6కి కొన్ని మైక్రాన్లే తక్కువగా ఉంటుంది. దానికీ రెండు నిమిషాల ఎమరీ అవసరమే. పాత డ్రిల్లు కాడ వాడకండి, చాలా డ్రిల్లులకి కాడ మెత్తగా ఉంటుంది.

స్లాట్ వెడల్పు, కొలిచిన వీల్ మందం కన్నా 0.1 మి.మీ. ఎక్కువ ఉండాలి. 0.3 దాటితే వీల్ పక్కకి ఒరిగి ఒక అంచే లోతుగా దిగుతుంది. పై స్లాట్, కింది స్లాట్ ఒకే నిలువు గీత మీద ఉండాలి. లేకపోతే అచ్చు మొదట్లో, చివర్లో ఒక వైపు గీతలే మిగులుతాయి.

ఇప్పుడు లెక్క. వీల్‌ని కార్బన్ పేపర్ మీద ఒక పూర్తి చుట్టు దొర్లించి, కాగితం మీద పడిన అచ్చు ఒక అంచు వెంబడి పళ్ళు లెక్కపెట్టండి. 20 మి.మీ. వీల్‌కి 54 పళ్ళు వచ్చాయనుకుందాం. 20ని 54తో భాగిస్తే 0.370. జాబ్ వ్యాసం ఈ 0.370కి పూర్తి రెట్లలో ఉండాలి. సరిగ్గా 25 మి.మీ. బార్ తీసుకోండి: 25 ÷ 0.370 అంటే 67న్నర. దీనికన్నా చెడ్డ సంఖ్య ఉండదు. రెండో చుట్టులో ప్రతి పన్నూ మొదటి చుట్టు గీతల నడుమ పడుతుంది, అచ్చు రెట్టింపు సన్నగా, పైపైన వస్తుంది. అదే 24.81కి టర్నింగ్ చేస్తే (లేత్ మీద చుట్టూ కోసి దించితే) 67 పళ్ళు సరిగ్గా పడతాయి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. నర్లింగ్‌లో లోహం పోదు, పైకి లేస్తుంది. లేచిన వజ్రాల అచ్చు పూర్తి లోతులో పడితే వ్యాసం దాదాపు పిచ్‌లో మూడింట రెండు వంతులు పెరుగుతుంది, నేరు గీతలకైతే సగం. 1.0 పిచ్‌తో 24.81 జాబ్ 25.5 దగ్గరికి వస్తుంది. చివరికి 25 చుట్టుపక్కల కావాలంటే 66 పళ్ళకి సరిపడే 24.44 దగ్గర మొదలుపెట్టండి.

మొదలుపెట్టేటప్పుడు వీల్‌ని సగం వెడల్పు జాబ్ చివర బయటికి ఉండేలా పెట్టి, నూనె పోసి, మొదటి చుట్టులోనే గట్టిగా బిగించండి. భయంభయంగా నొక్కితే పళ్ళు దారి పట్టవు. స్పిండిల్ నిమిషానికి 60 నుంచి 100 చుట్లు చాలు. నూనె సీసాతో ధారగా పొయ్యండి. బ్రష్షు, గుడ్డ వీల్ దగ్గరికి తీసుకెళ్ళకండి, వీల్‌కీ జాబ్‌కీ మధ్యకి లాక్కుపోతుంది. రాలిన పొట్టు వజ్రాల్లో ఇరుక్కుంటే మళ్ళీ అదే అచ్చులోకి నొక్కుకుపోతుంది, కాబట్టి నూనెతో కడుగుతూనే ఉండాలి.

రెండు చుట్లు తిరిగాక ఆపి భూతద్దంతో చూడండి. గీతలు వీల్ పిచ్ కన్నా సన్నగా ఉంటే అక్కడే వదిలెయ్యండి. అదే అచ్చు మీద ఎంత నొక్కినా పళ్ళు మొదటి గీతల్లోనే నడుస్తాయి. ఆ అచ్చంతా టర్నింగ్‌తో తీసేసి, మిగిలిన వ్యాసం కొలిచి, కింది పూర్తి రెట్టు ఎక్కడుందో లెక్కేసి అక్కడ మళ్ళీ మొదలుపెట్టాలి. మన ఉదాహరణలో 25.00 దగ్గర చెడితే, వ్యాసాన్ని 24.81కి దించి చూడండి; అప్పటికీ అచ్చు మిగిలితే 24.44 దాకా వెళ్ళండి.