ఆ స్తంభాల మధ్య వల వెయ్యనిస్తారా?

అందరికీ నమస్కారం.

సముద్రంలో గాలిమరలు అనగానే వేటకెళ్లేవాళ్లు అడిగే మొదటి మాట, "ఆ స్తంభాల మధ్య వల వెయ్యనిస్తారా?" అని. సరైన ప్రశ్న. జవాబు కోసం ఒకసారి బెల్జియం దాకా వెళ్లొద్దాం.

అక్కడ ఉత్తర సముద్రంలో అడుగు చాలావరకు ఇసుకే. 2008 నుంచి గాలిమరలు లేవడం మొదలైంది. ఇప్పుడు నీళ్లలోకి దిగి చూస్తే అసలు స్తంభమే కనపడదు. పైభాగమంతా నల్లటి ఆల్చిప్పలు, గుత్తులు గుత్తులుగా. కిందికి పోయేకొద్దీ పువ్వుల్లా విచ్చుకునే జీవులు, వాటి సందుల్లో రొయ్యపిల్లల్లాంటి చిన్న చిన్న పురుగులు. ఆ మేత కోసం పౌటింగ్, కాడ్ చేపలు వచ్చి స్తంభం మొదట్లో గుంపు కడతాయి. మునిగిన పడవ దగ్గర చేప చేరుతుందని మనవాళ్లకి ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. అయితే ఆ చేప అక్కడ కొత్తగా పెరిగిందా, చుట్టుపక్కల చేపే వచ్చి చేరిందా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు.

తేలినా, బెల్జియంలో ఆ స్తంభాల మధ్యకి వేట పడవల్ని రానివ్వరు. బ్రిటన్‌లో చట్టం అడ్డు చెప్పదు గానీ, కేబుళ్లకి వల చిక్కుకుంటుందన్న టెన్షన్‌తో చాలా ట్రాలర్లు దూరంగానే పోతాయి.

అసలు బాధ స్తంభం దిగ్గొట్టేటప్పుడు. ఒక్కోదానికి వేల సుత్తి దెబ్బలు. పార్పాయిస్‌లని, చిన్న డాల్ఫిన్లలా ఉంటాయి, అవి సుమారు 20 కిలోమీటర్ల దూరం పారిపోయిన సందర్భాలున్నాయి. అందుకే జర్మనీలో 750 మీటర్ల దూరంలో మోత 160 డెసిబెల్స్ దాటకూడదు. చిల్లుల గొట్టాన్ని అడుగున చుట్టూ పరిచి గాలి కొడతారు. బుడగలు తెరలా లేస్తాయి, మోత చాలావరకు అక్కడే విరిగిపోతుంది. ఖర్చయినా సరే, మన దేశంలోనూ దీన్ని తప్పనిసరి చెయ్యాలి.

మన సంగతికొస్తే, 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సముద్రంలో గాలిమరల కోసం 7,453 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. గుజరాత్ దగ్గర 500 మెగావాట్లు, తమిళనాడు దగ్గర 500. మన తీరం కాదు కదా అనుకోకండి. గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద బోటు నడిపే తండేళ్లుగా, వాళ్ల కింద పనిచేసే కళాసీలుగా ఎంతమంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్లున్నారో మీకు తెలుసు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయింది వాళ్లనే.

వేట చోటు తగ్గితే బోటు యజమాని పేరు కాగితం మీద ఉంటుంది, నష్టమెంతో అడగగలడు. కళాసీకి బోటు లేదు, ఆ రాష్ట్రంలో ఓటు లేదు. పని పోతే చప్పుడు లేకుండా రైలెక్కి వచ్చేస్తాడు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

జూన్, జూలైలో పడమటి తీరాన వేట నిషేధం. అప్పుడు వీళ్లంతా ఇళ్ల దగ్గరే ఉంటారు. సర్వే చేసేవాళ్లు ఆ రెండు నెలల్లో మన ఊళ్లకి రావాలి. ఎక్కడ వల వేశారు, ఏ నెలలో ఏ చేప పడింది, వాటా ఎంత వచ్చింది, అన్నీ తెలుగులో అడిగి, పేరుతో సహా రాసుకోవాలి. మొదటి స్తంభం దిగకముందే.