‘ఎంత ఇస్తారన్నా’ అని అడగకండి: సొంత లారీవాళ్లకు కిరాయి లెక్క

[దృశ్యం: తెల్లవారుజాము. నెల్లూరు బైపాస్ పక్కన ఆగి ఉన్న పది టైర్ల లారీ. క్యాబిన్‌లో డాష్‌బోర్డు మీద చమురు మరకల నోటు పుస్తకం.]

నమస్కారం. లోడు ఉందని ఫోను రాగానే మనలో చాలామంది అనే మొదటి మాట ‘ఎంత ఇస్తారన్నా?’ నేనూ చాలా ఏళ్లు అలాగే అడిగాను. మన ధర మనకే తెలియదని అవతలి మనిషికి మనమే చెప్పేసే మాట అది. ఇక ఆయన చెప్పిన అంకె దగ్గరే బేరం మొదలవుతుంది. అక్కడి నుంచి వందో యాభయ్యో పెంచుకుని గెలిచామనుకుంటాం.

ఈ వీడియోలో ఒకే ట్రిప్పు తీసుకుని లెక్క వేద్దాం. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు బియ్యం. కావలి, ఒంగోలు, అద్దంకి, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా సుమారు 450 కిలోమీటర్లు. లోడు 18 టన్నులు. అంకెలన్నీ ఉదాహరణకు వేసినవే, మీ బండివి మీరు వేసుకోండి.

[తెరపై: నోటు పుస్తకంలో చేత్తో రాస్తున్న లెక్క, దగ్గరి నుంచి]

డీజిల్ లీటరు 97 రూపాయలు అనుకుందాం. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే పోవడానికి 10,900. ఖాళీగా 5 వస్తే తిరిగి రావడానికి 8,700. రెండు వైపులా టోల్ 4,500. టైర్ల అరుగుదల, ఇంజిన్ ఆయిల్, చిన్న రిపేర్లు కిలోమీటరుకు 4 రూపాయల చొప్పున 3,600. టైర్ల ఖర్చు ఈ ట్రిప్పులో కనిపించదు కాబట్టి దీన్ని చాలామంది వదిలేస్తారు. పది టైర్లూ ఒకేసారి మార్చాల్సిన నెలలో కనిపిస్తుంది. బత్తా, క్లీనరు, కాటా తూకం, బ్రోకర్ కమీషన్, దారి ఖర్చులు కలిపి 5,300. ఇక్కడికి 33,000.

ఇంకా అయిపోలేదు. బండి కదిలినా కదలకపోయినా నెలకు ఫైనాన్స్ వాయిదా 50,000. ఇన్సూరెన్స్, పన్ను, పర్మిట్ సర్దితే మరో 10,000. నెలలో పని దొరికేది 25 రోజులనుకుంటే రోజుకు 2,400. ఈ ట్రిప్పుకు నాలుగు రోజులు, అంటే 9,600. మొత్తం 42,600.

ఆ 2,400 అంకెను క్యాబిన్‌లో కనిపించే చోట రాసి పెట్టుకోండి. బేరంలో అది చాలాసార్లు పనికొస్తుంది.

ఇక రిటర్న్ లోడు. అసలు బేరం ఇక్కడే ఉంది. ఖాళీగా రావాల్సిన బండికి దారిలో మిర్యాలగూడ దగ్గరి వాడపల్లి వైపు ఫ్యాక్టరీలో సిమెంటు దొరికిందనుకోండి. అదనంగా మీకు అయ్యేది ఎంత? దారంతా లోడుతోనే వచ్చామనుకున్నా డీజిల్ 2,200 ఎక్కువ, లోడింగుకు ఒక రోజు 2,400, కాటా, లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం 400. మొత్తం 5,000. టన్నుకు 280 రూపాయలు కూడా కాదు. 300 ఇచ్చినా చేతిలో ఏదో మిగిలినట్టే ఉంటుంది. ఈ సంగతి అక్కడి బ్రోకర్‌కు మనకంటే బాగా తెలుసు. ఏపీ నంబరు ప్లేటు చూడగానే మనం ఇంటికి పోతున్నామని ఆయనకు అర్థమవుతుంది. మన ఇంటిదారే ఆయన బేరం.

మన రిటర్న్ లోడు అక్కడి లారీవాళ్లకు ఊరి నుంచి బయల్దేరే లోడు. మనం 300కి ఎత్తుకుంటే మిర్యాలగూడ బండి ఆకలితో నిలబడుతుంది. రేపు అదే బండి నెల్లూరు వచ్చి ఇంటికెళ్లే తొందరలో మన మిల్లు బియ్యాన్ని సగం కిరాయికి ఎత్తుకుంటుంది. రేట్లు పడిపోయాయని అసోసియేషన్ ఆఫీసులో కూర్చుని తిట్టుకుంటాం. పడేసింది మనమే.

అందుకే నేను ఇక్కడ లోడు ఒప్పుకోకముందే అక్కడ ఇద్దరికి ఫోను చేస్తాను. ‘దించేశాను, ఖాళీగా ఉన్నాను’ అని ఎప్పుడూ చెప్పను. ‘శుక్రవారం అటు వస్తున్నాను’ అంటాను. ఈ ట్రిప్పుకు సిమెంటు టన్నుకు 950 ఖాయమైందనుకుందాం: 17,100. రెండు వైపుల ఖర్చు 47,600. అందులో 17,100 తీసేస్తే 30,500 బియ్యం కిరాయి మీద రావాలి. టన్నుకు సుమారు 1,695. కాబట్టి నా కింది గీత 1,700. అడిగేది 1,850. ఇప్పుడు ఫోను తీయవచ్చు.

[దృశ్యం: ఫోను స్పీకర్‌లో. అవతలి గొంతు మాత్రమే వినిపిస్తుంది, పేరు కనిపించదు.]

‘తమ్ముడూ, హైదరాబాద్‌కు బియ్యం ఉంది. 1,600. బండి పంపుతావా?’

‘దించేది ఎక్కడన్నా?’

‘బేగంబజార్.’

‘పగలు పెద్ద బండ్లను లోపలికి రానివ్వరు. దించకుండా బండిని నిలబెడితే హాల్టింగ్ ఎంత?’

‘హాల్టింగ్ ఎందుకు తమ్ముడూ, రాత్రికి దించేస్తారు.’

‘దించితే హాల్టింగ్ కింద మీరు ఇచ్చేది ఏమీ ఉండదు. రెండో రోజుకు పోతే రోజుకు 2,400. కిరాయి 1,850.’

‘1,850 ఎవరిస్తారు? నిన్న ఒకతను 1,550కి వెళ్లాడు.’

[వీడియో ఆగుతుంది]

ఈ ‘నిన్న ఒకతను’ ప్రతి బ్రోకర్ దగ్గరా ఉంటాడు. ఇన్నేళ్లలో ఏ ధాబాలోనూ నాకు ఎదురుపడలేదు. ఆయనతో పోటీ పడకండి. ‘సరే అన్నా, ఆయన దొరక్కపోతే చెప్పండి’ అని పెట్టేయండి. తర్వాత మీరే ఫోను చేయాలని చేతులు లాగుతాయి. ఆపుకోండి.

కొన్నిసార్లు రేటు పెంచకుండా ఇంకో ఆశ చూపిస్తారు: ‘ఇంకో మూడు టన్నులు వేసుకో, అదే రేటు.’ మూడు టన్నులకు 1,600 చొప్పున 4,800. పది టైర్ల బండికి లోడుతో కలిపి అనుమతి 28.5 టన్నులు. దాటి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. మూడు టన్నులకు 26,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు వేరే. మర్యాదగా నవ్వి వద్దనండి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. 18 అని చెప్పి మిల్లులో 15 టన్నులే ఎక్కిస్తారు. కిరాయి టన్ను లెక్క కాబట్టి నష్టం మనది. ‘ఎంత ఎక్కించినా 18కి డబ్బు’ అని ముందే అనిపించుకోవాలి. అనిపించుకుని వాట్సాప్‌లో ఒక వరుస రాసి పంపాలి: కిరాయి, కనీస టన్నులు, అడ్వాన్స్, హాల్టింగ్. జవాబుగా ‘ఓకే’ వస్తే చాలు. నోటిమాట మీద నమ్మకం లేక కాదు, ఆఫీసులో గుమాస్తాలు మారిపోతారు.

బ్యాలెన్స్, అంటే అడ్వాన్స్ పోగా దించాక రావాల్సిన కిరాయి గురించి ఒక అనుభవం చెబుతాను. ఒక గోడౌన్‌లో రాత్రి రెండు గంటలకు దించడం అయింది. ఎల్ఆర్ (సరుకుతో పాటు వెళ్లే లారీ రసీదు) వెనక వాళ్ల మనిషి ఏదో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. నిద్రమత్తులో సంతకం పెట్టేశాను. అందులో ఉన్నది ‘4 బస్తాలు చినిగినవి’ అని. చింపింది హమాలీల కొక్కేలు. కోత పడింది నా బ్యాలెన్స్‌లో. అప్పటి నుంచి దించేటప్పుడు ఎదురుగా నిలబడతాను, టార్చి వేసి చదివాకే సంతకం. బస్తా చినిగితే అప్పుడే ఫోటో. ముద్ర పడిన కాగితం ఫోటో ఆ నిమిషంలోనే పంపి, బ్యాలెన్స్ రోజులు అప్పటి నుంచే లెక్కపెడతాను.

పన్ను పేరుతో కూడా కొంత కోస్తారు. పది బండ్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవారు పాన్ నంబరుతో ఒక డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయనక్కరలేదు. ఆ కాగితం నాలుగు కాపీలు బండిలో ఉంచుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. మన జిల్లాలో మార్చి, ఏప్రిల్ కోతల సమయంలో మిల్లుల దగ్గర బండ్లు చాలవు. సంక్రాంతికి డ్రైవర్లు ఊళ్లకు పోతారు. అప్పుడు 1,850 కాదు, ఇంకా పైనుంచి మొదలుపెట్టండి. ఆ రోజుల్లో మిమ్మల్ని బతిమాలిన మిల్లువాళ్ల నంబరు దాచుకోండి, వర్షాకాలంలో నేరుగా వాళ్లకే ఫోను చేయవచ్చు.

[దృశ్యం: అదే క్యాబిన్. ఎండ ఎక్కింది. ఫోను మోగుతుంది.]

‘తమ్ముడూ, 1,720. హాల్టింగ్ నువ్వన్నట్టే. కనీసం 18 టన్నులు. ఎన్నింటికి వస్తావు?’

‘వాట్సాప్ చేయండన్నా. పదింటికి కాటా మీద ఉంటాను.’

[తెరపై: నోటు పుస్తకం. 1,720 × 18 = 30,960. దాని కింద సిమెంటు 17,100. దాని కింద ఖర్చు 47,600. అడుగున గీత గీసి రాసిన అంకె: 460.]

బత్తా అందులోనే ఉంది. వాయిదా కూడా అందులోనే ఉంది. 1,600కే ఊకొట్టి ఉంటే ఈ అడుగు వరుసలో 1,700 లోటు రాసి ఉండేవాడిని.

[ఇంజిన్ స్టార్ట్ అవుతున్న శబ్దం]